ఆవాల డబ్బాలో ఆవాలు లేవు

వంటింటి తలుపు సరిగ్గా నాలుగు వేళ్ళ సందు ఇచ్చి, ఇక నావల్ల కాదన్నట్టు ఆగిపోయింది. జాడమ్మ లోపలుంది. గోడ గడియారం ఎనిమిదిన్నర చూపిస్తోంది. పదకొండు గంటలకల్లా ఆవిడ ఊరికి ఆ చివరున్న బస్సుల డిపోలో, విడిభాగాల స్టోరులో, రిజిస్టరు మీద సంతకం పెట్టాలి. పెట్టకపోతే ఆ ఉద్యోగం జాబితాలో ఆవిడ వెనక ఉన్నవాళ్ళకు పోతుంది. ఈ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. తలుపు ఇరుక్కున్న సంగతి కూడా ఇంకా ఎవరికీ తెలియదు.

జాడమ్మ అన్నది తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదు. వీధిలోవాళ్ళు మొదట ఎండలో పెట్టిన పచ్చడి జాడీల వరసలు చూసి జాడీలమ్మ అన్నారు. తర్వాత ఆ ఇంట్లో ఏ వస్తువు జాడ కావాలన్నా ఆవిడే చెప్పాలని తెలిసి జాడమ్మను చేశారు. సూది ఎక్కడ, టార్చిలైటు ఎక్కడ, నిరుడు వానల్లో వాడిన గొడుగు ఎక్కడ అని అడగడమే ఆలస్యం, చేస్తున్న పని ఆపకుండా, తల తిప్పకుండా చెప్పేసేది. "మధ్య అర, కుడి పక్క, నీలం డబ్బా వెనకాల." అడిగినవాళ్ళు వెళ్ళి చెయ్యి పెడితే అక్కడే ఉండేది.

వంటిల్లు మాత్రం చాలా చిన్నది. ఒకరు కూర కలుపుతుంటే ఇంకొకరు ఆవలించడానికి కూడా అనుమతి తీసుకోవాలి. కిటికీకి ఊచలు. గట్టు కింద గ్యాసు బండ. ఎదురుగా గోడ పొడవునా మూడు అరలు, వాటి మీద ఇరవైనాలుగు డబ్బాలు. అసలు కథంతా ఆ డబ్బాలదే.

మామగారు బోర్డులు రాసే మనిషి. ఊళ్ళో సగం దుకాణాల నుదుటి రాత ఆయన చేతిదే. కొడుక్కు పెళ్ళయి కోడలు కాపురానికి వస్తోందంటే, మూడు వారాలు కూర్చుని ఇరవైనాలుగు రేకు డబ్బాలకు రంగులు వేసి, సరుకుల పేర్లు రాసి ఉంచాడు. ప్రేమతోనే రాశాడు. అయితే బోర్డులు రాసేవాడి కన్ను సరుకును చూడదు, అక్షరాన్ని చూస్తుంది. 'ఆవాలు' అన్న మాటలో 'ఆ' ఉంది కదా, దాని ఒంపు తీర్చాలంటే చోటు కావాలి. అందుకని ఇంట్లోకెల్లా పెద్ద డబ్బాను, పదిహేను కిలోలు పట్టేదాన్ని, ఆవాలకు ఇచ్చాడు. 'గోధుమపిండి' పొడుగు మాట, సన్న కుంచెతో రాస్తేనే దానికి అందమని గుప్పెడంత డబ్బాను దానికి కేటాయించాడు. 'లవంగాలు' నిలువుగా, అక్షరం కింద అక్షరం రాస్తే ముచ్చటగా ఉంటుందనిపించి మూరెడు పొడవు డబ్బా చూశాడు.

కొత్త కోడలు ఆ వరసను చూసి, నెలకు పావుకిలో కూడా ఖర్చుకాని ఆవాలకు అంత ఏనుగు డబ్బా ఏమిటని నోటిదాకా వచ్చిన మాటను మింగేసింది. మామగారు చేతులు వెనక్కి కట్టుకుని, పరీక్షాఫలితం కోసం నిలబడ్డ పిల్లాడిలా చూస్తున్నాడు. "ఎలా ఉన్నాయమ్మాయ్?" అన్నాడు. "చాలా బాగున్నాయి మామయ్యగారూ" అంది. ఆ ఒక్క మర్యాద మాటకు పద్దెనిమిదేళ్ళ శిక్ష పడింది.

ఎందుకంటే సరుకు మర్యాదలు వినదు. బియ్యం ఆవాల డబ్బాలోకి వెళ్ళాయి. గోధుమపిండి ఉప్పులోకి, ఉప్పు జీలకర్రలోకి, పంచదార మిరియాల్లోకి, టీపొడి మెంతుల్లోకి. ఆ అందమైన రాత మీద గోరు పెట్టడానికి ఎవరికీ చేతులు రాలేదు. దాంతో ఏది ఎక్కడుందన్న లెక్క ఆవిడ బుర్రలో తప్ప ఇంకెక్కడా లేకుండా పోయింది. భర్తకూ కూతురికీ డబ్బాలు అబద్ధాలాడతాయని తెలుసు, నిజం ఎక్కడుందో తెలియదు. మూత తీసి చూస్తే తెలిసిపోతుంది. కాని పక్కనే చెప్పే మనిషి ఉండగా మూత తీయడమెందుకు? హాల్లోంచి ఒక కేక వేస్తే చాలు. పెద్దాయనకు మాత్రం ఈ గోల తెలియకూడదన్నది ఇంట్లో ఎవరూ చెప్పని కట్టుబాటు.

ఒకసారి చెల్లెలికి ఆపరేషనయితే మూడు రోజులు వెళ్ళింది. వెళ్ళేముందు ఇరవైనాలుగు డబ్బాల అసలు గుట్టంతా కాగితం మీద రాసి భర్త చేతికిచ్చింది. ఆయన దాన్ని భద్రంగా దాచాడు. ఎక్కడ దాచాడో మర్నాడు ఆవిడకే ఫోను చేసి అడిగాడు. మూడు రోజుల్లో ఇరవైఏడు ఫోన్లు. తిరిగొచ్చాక గుమ్మంలోనే ఎదురొచ్చి, "నువ్వు లేకపోతే ఈ ఇల్లు నడవదోయ్" అన్నాడు. మనస్ఫూర్తిగానే అన్నాడు. పొగడ్త కూడా ఒకరకం గొళ్ళెమే, దాన్నీ బయటి నుంచే పెడతారు. ఆ తర్వాత బడిలో గ్రంథాలయం చూసుకునే పని ఒకటి వస్తే ఆ మాటే అడ్డొచ్చింది. ఆయన కోప్పడలేదు. నవ్వి, "మరి ఉప్పెక్కడుందో ఎవరు చెప్తారు?" అన్నాడు. ఆవిడా నవ్వేసింది. ఆ నవ్వు తలుచుకుని ఏడాదిపాటు తనను తనే తిట్టుకుంది.

అందుకే ఈసారి చెప్పలేదు. డిపోలో పరీక్షంటే బల్ల మీద బోల్టులూ నట్టులూ వాషర్లూ కుప్పపోసి, అరగంటలో సర్దమన్నారు. ఆవిడ పంతొమ్మిది నిమిషాల్లో సర్దేసి, బల్ల కింద తుడవడానికి చీపురు ఉందా అని అడిగింది. ఇంట్లో మాత్రం పన్ను డాక్టరు దగ్గరికి వెళ్ళానని చెప్పింది. పాపం, నెల రోజులుగా భర్త రోజూ పొద్దున "పన్నెలా ఉంది?" అని అడుగుతూనే ఉన్నాడు. ఉత్తరం వచ్చి పన్నెండు రోజులైంది. దాన్నీ సర్టిఫికెట్లనూ చుట్టచుట్టి లవంగాల డబ్బాలో దాచింది. రోజూ చెబుదామనుకుంది, రోజూ ఆయన మంచిగానే ఉన్నాడు. మంచిగా ఉన్న మనిషి మనసు ఎలా పాడుచేయడం? చివరికి ఇవాళ పొద్దున తొమ్మిదికి, టీ ఇచ్చి చెప్పేద్దామని ముహూర్తం పెట్టుకుంది.

ఆ ముహూర్తాన్ని చెడగొట్టింది భర్త ప్రేమే. ఆయన దర్జీ. ఆదివారం నాడు ఎక్కడో అమ్మకానికి వచ్చిన సొరుగుల పెట్టె ఒకటి తెచ్చి, తలుపు పక్కన గోడకూ గట్టుకూ మధ్యనున్న ఖాళీలో బిగించాడు. ముందే టేపుతో కొలిచాడు. "కుట్టుకు అరంగుళం వదిలాను, చూడు ఎలా అతికిందో" అని మురిసిపోయాడు. సొరుగుల వెనకనుంచి నాలుగు మరలతో గోడకు దిగ్గొట్టాడు. పైగా భార్యకు ఆశ్చర్యంగా ఉండాలని పై సొరుగును తనే సర్దాడు. ఆయన కొలిచింది మడత పెట్టిన బట్టను, విప్పితే ఎంతవుతుందో కొలవలేదు. ఆ సొరుగు లాగితే తలుపుకు అడ్డంగా వస్తుంది, తలుపేమో లోపలికి తెరుచుకునేది.

జాడమ్మ ఉత్తరం తీసుకోవడానికి తలుపు మూసింది. లవంగాల డబ్బా మూత బిగుసుకుపోయి ఉంది. మీటడానికి చెంచా కోసం కొత్త సొరుగు లాగింది. లోపల ఏదో లేచి నిలబడి పై చెక్కకు తన్నిపెట్టింది. సొరుగు సగంలో ఆగిపోయింది. ముందుకు రాదు, వెనక్కు పోదు, లోపలికి చెయ్యీ పట్టదు. మూతను పట్టకారుతో ఎలాగో ఊడదీసి ఉత్తరం తీసుకుంది గాని, తలుపు మాత్రం నాలుగు వేళ్ళే తెరుచుకుంది.

మొదట వచ్చింది కూతురు. టీ ఎక్కడని సందులోంచి ఒక కన్ను పెట్టి చూసింది. సంగతి విన్నాక తలుపుకు చేరబడి కిసుక్కున నవ్వింది. తర్వాత దర్జీ వచ్చి భుజంతో నెట్టాడు. టేపు తెచ్చి సందు కొలిచి, రెండు ముప్పావు అంగుళాలని తేల్చాడు. అది తెలుసుకోవడం వల్ల ఎవరికీ ఏ లాభమూ కలగలేదు. తలుపు బందులు ఊడదీస్తే సరిపోతుందని పెద్దాయన సలహా ఇచ్చాడు. బందులు లోపలి వైపున్నాయి. స్క్రూడ్రైవరు కూడా లోపలే, పై అర ఎడమ చివరన ఉంది. జాడమ్మ స్టూలెక్కి చూస్తే మర తలలన్నీ పూడిపోయి ఉన్నాయి. మామగారు ఏటేటా తలుపుకు రంగు వేస్తూ బందులను కూడా వదలకుండా పూత పూశాడు. పద్దెనిమిదేళ్ళ పూత. స్క్రూడ్రైవరు పట్టు దొరక్క జారి ఆవిడ బొటనవేలు గీరుకుంది.

తొమ్మిదైంది. లోపలినుంచి టీ గ్లాసుల్లో బయటికి వచ్చింది, అవి సందులో పట్టాయి. షాపుకు వెళ్ళే క్యారియరు పట్టలేదు. బ్రెడ్డు ముక్కలు ఒక్కొక్కటే ఉత్తరాల్లాగా బయటికి వచ్చాయి. ముగ్గురూ అవతల నిలబడి తింటూ, ఇదేదో జైలుకు చూడ్డానికి వచ్చినట్టుందని నవ్వుకున్నారు. ఎవరు ఎటువైపున్నారో మాత్రం ఎవరూ అనలేదు.

"సరే, నేను షాపుకెళ్ళి మధ్యాహ్నం వడ్రంగిని తీసుకొస్తా" అన్నాడు దర్జీ, చేతులు దులుపుకుంటూ.

"మధ్యాహ్నమా?"

"కంగారేముందోయ్? నువ్వు వెళ్ళాల్సిందెక్కడికి? నీక్కావలసినవన్నీ లోపలే ఉన్నాయిగా."

ఎగతాళి కాదు. ధైర్యం చెప్పాడు. ఆ గొంతులో ఎంత ఆప్యాయత ఉందో జాడమ్మకు తెలుసు. అందుకే కాబోలు, ఊచల కిటికీ, మూడు అరలు, ఇరవైనాలుగు డబ్బాలు ఒక్కసారిగా అడుగు ముందుకేసి మీదికి వచ్చినట్టయింది. చెప్పుల చప్పుడు వీధి గుమ్మం వైపు వెళ్తోంది.

"ఏమండీ" అంది. "నాకు పదకొండింటికి డ్యూటీ ఉంది."

చెప్పుల చప్పుడు ఆగింది. వెనక్కి వచ్చింది. ఆవిడ ఉత్తరాన్ని సందులోంచి జార్చింది. ఆ పొద్దుటినుంచి ఆ తలుపు దాటిన వాటన్నిటిలోకీ సులువుగా దాటింది అదే. పెద్దాయన కళ్ళజోడు సర్దుకుని, బోర్డు చదివినట్టు ఒక్కో మాటా పైకి చదివాడు. స్టోర్సు సహాయకురాలు. ఇవాళ్టి తేదీ. పదకొండు గంటలు.

"మరి పన్నో?" అన్నాడు దర్జీ.

"పన్ను బాగానే ఉందండీ. ఎప్పుడూ బాగానే ఉంది."

కూతురికి నవ్వొచ్చింది గాని, తండ్రి మొహం చూసి టీ గ్లాసు అడ్డం పెట్టుకుంది.

"నాకు చెప్పొచ్చుగా."

"చెప్తే మీరు మంచిగా వద్దంటారు. కోపంగా వద్దంటే పోట్లాడి వెళ్ళేదాన్ని. మంచిగా అంటే ఎలా వెళ్ళను?"

ఆయన చేతిలోని టేపును చుట్టడం మొదలుపెట్టాడు. పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. ఉత్తరం ఇంకా చుట్టచుట్టుకుపోతూ ఉంటే దాన్ని అరచేత్తో సాపు చేస్తూ, ఇన్నాళ్ళూ దీన్ని ఎక్కడ పెట్టావని అడిగాడు. లవంగాల డబ్బాలో అని ఆవిడ నోరు జారింది. జారాక నాలిక కరుచుకుంది.

"మరి లవంగాలు?"

ఇక దాచేదేముంది. "గోధుమపిండిలో ఉన్నాయి మామయ్యా."

"గోధుమపిండి?"

"ఉప్పులో."

దర్జీ తల పట్టుకున్నాడు. పిల్ల గోడవైపు తిరిగింది. పెద్దాయన మాత్రం తలుపు సందుకు దగ్గరగా జరిగి, గొంతు తగ్గించి, ఇద్దరికే సంబంధించిన సంగతిలా చెప్పాడు.

"నాకు తెలుసులే అమ్మాయ్. నువ్వొచ్చిన నాలుగో నెల్లో గొంతునొప్పని రాత్రి చీకట్లో వచ్చి, మిరియాల డబ్బాలో చెయ్యి పెట్టి చిటికెడు నోట్లో వేసుకున్నా. నోరంతా తీపి."

"అప్పట్నుంచీ తెలుసా? మరి అడగలేదే?"

"నువ్వే చెప్తావని చూశా. నువ్వు చెప్పట్లేదు కదాని నేనూ ఊరుకున్నా. మర్యాద మొదలుపెట్టడం తేలికమ్మా, ఆపడమే చేతకాదు. అయినా ఆవాలకు అంత డబ్బా ఏమిటి, నా మొహం. 'ఆ' కుదిరిందని పొంగిపోయాను."

పద్దెనిమిదేళ్ళుగా ఆయన బాధపడతాడని ఆవిడ దాచింది. ఆవిడ సిగ్గుపడుతుందని ఆయన దాచాడు.  జాడమ్మకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. తీరా గడియారం చూస్తే తొమ్మిదీ ఇరవై. పదిగంటల బస్సు తప్పితే తర్వాతది పదకొండుకు.

తల తిప్పేసరికి సందులో భర్త లేడు. చెప్పుల చప్పుడు వీధి గుమ్మం దాటిపోయింది. వెళ్ళిపోయాడనే అనుకుంది. తప్పు పట్టలేకపోయింది కూడా. నెల రోజులు రోజూ లేచి ఒక లేని పన్ను గురించి అడిగిన మనిషి. గట్టుకు ఆనుకుని, ఉప్పు డబ్బా వైపు చూస్తూ, మధ్యాహ్నానికి ఏం వండాలా అని ఆలోచించసాగింది. ఆ ఆలోచన తనంతట తానే వచ్చినందుకు ఆవిడకు ఒళ్ళు మండింది.

అయిదు నిమిషాల్లో చెప్పుల చప్పుడు రొప్పుతూ తిరిగొచ్చింది. సందులోంచి ఒక వంకర చెక్క లోపలికి వచ్చింది. షాపులో చంక దగ్గర కోతలకు గీతలు గీసుకునే వంకర స్కేలు.

"గుంటగరిటె" అన్నాడు దర్జీ. "ఆ సొరుగులో నేను పెట్టినవాటిలో లేచి నిలబడేది అదొక్కటే. చప్పుడు కాకుండా ఉంటుందని బోర్లించి పెట్టా. ఎడమ పక్క, వెనకాల. స్కేలు వంపు కిందికి ఉండేలా పోనివ్వు."

ఆ వంటింట్లో ఒక వస్తువు జాడ ఇంకొకరు చెప్పగా ఆవిడ వినడం అదే మొదలు. స్కేలును సొరుగు పై సందులోంచి పోనిచ్చింది. దొరకలేదు. "ఇంకా ఎడమకి" అన్నాడు. తగిలింది. నొక్కితే జారిపోయింది. రెండోసారి నొక్కితే స్కేలు కిర్రుమంది. అది విరిగితే ఆయనకు మళ్ళీ అలాంటిది దొరకదని ఆవిడకు తెలుసు, చెయ్యి వెనక్కి తీయబోయింది.

"విరిగితే విరగనీ, నొక్కు" అన్నాడు అవతలినుంచి.

నొక్కింది. లోపల గుంటగరిటె బోర్లా పడ్డ చప్పుడు వినిపించింది. సొరుగు దానంతటదే మూసుకున్నట్టు మూసుకుంది. తలుపు తెరుచుకుంది. తొమ్మిదీ నలభై. జాడమ్మ చెంపన తలుపు రంగు పొడి, బొటనవేలికి రక్తం, చేతిలో సర్టిఫికెట్ల చుట్ట. దర్జీ ఆవిడను ఎగాదిగా చూశాడు. వద్దనలేదు, వెళ్ళమనీ అనలేదు. భుజం దగ్గర వేలాడుతున్న దారప్పోగును మాత్రం వంగి పంటితో కొరికి తీసేశాడు. ఆయన కుట్టిన బట్ట ఏది వీధిలోకి వెళ్ళినా అలాగే చేస్తాడు.

బస్సు దొరికింది. కూర్చోవడానికి చోటు కూడా దొరికింది. కాని డిపో దాకా జాడమ్మ కిటికీలోంచి ఏమీ చూడలేదు. కళ్ళ ముందు అరలే కదులుతున్నాయి. పై అర, మధ్య అర, కింది అర. జీలకర్రలో ఉప్పు సగానికి వచ్చింది. మెంతుల్లో టీపొడి రేపటికి అయిపోతుంది.

పదకొండుకు ఎనిమిది నిమిషాలుండగా స్టోరు బల్ల ముందు నిలబడింది. స్టోరు పెద్దాయన రిజిస్టరు ఆవిడ వైపు తిప్పి, కలం మూత తీసి ఇచ్చాడు. ఆవిడ పేరులో మొదటి అక్షరం రాసిందో లేదో, ఫోను మోగింది. భర్త.

"తియ్యండి, ఇంటిదగ్గర్నుంచేమో" అన్నాడు స్టోరు పెద్దాయన.

తీసింది. అవతల గిన్నెల చప్పుడు, కూతురి నవ్వు, మామగారి దగ్గు. దర్జీ గొంతు వినయంగా ఉంది. బియ్యం ఆవాల్లోనే కదా, మరి కందిపప్పు ఎందులో ఉందని అడుగుతున్నాడు. మామగారు కాగితాలు ముక్కలు చేసుకుని కూర్చున్నారట, రాసి అంటిస్తారట.

మధ్య అర, ఎడమనుంచి మూడోది, 'పసుపు' అని రాసుంటుంది. ఆ మాటలు నాలిక చివరకు వచ్చేశాయి. పద్దెనిమిదేళ్ళ అలవాటు. ఆవిడ పెదవులు గట్టిగా బిగించి, కలం వైపు ఒకసారి చూసుకుంది.

"మూత తీసి చూడండి" అంది.

 అవతల రేకు మూత ఒకటి టప్పున ఊడిన చప్పుడు. "అరె" అన్నాడు దర్జీ, ఏదో కొత్త దేశం కనిపెట్టినట్టు. ఆ వెంటనే ఇంకో మూత. ఇంకోటి.

ఆవిడ ఫోను ఆపేసి మిగతా సంతకం పూర్తిచేసింది. స్టోరు పెద్దాయన దాని మీద తేదీ వేసి, లోపలికి దారి చూపించాడు. కిటికీల్లేని గది, నేలనుంచి కప్పుదాకా అరలు, అరల నిండా డబ్బాలు. జాడమ్మ గుమ్మం దగ్గర ఆగి, తలుపు ఎటు తెరుచుకుంటుందో చూసుకుంది. బయటికే తెరుచుకుంటోంది. అయినా లోపలికి అడుగుపెడుతూ ఆవిడ అనుకున్నది ఒక్కటే, తీసిన మూతలు మళ్ళీ గట్టిగా పెడతారో పెట్టరో, చీమలు పడతాయి.